ఎండకి సాక్షి

ఏప్రిల్లో ఒక్క మధ్యాహ్నం వాన పడేసరికి బ్రూక్షాబాద్‌లో భూమి వేడెక్కడం ఆగిపోయింది.

అంతకుముందు వారం పరిస్థితి వేరు. బజారులో ఎవరిని కదిపినా ధ్రువాల దగ్గర మంచు కరిగిపోతున్న సంగతి చెప్పేవాళ్ళు. పంక్చర్లు వేసే మణికుమార్ అయితే సముద్రం తన దుకాణం మెట్టు దాకా ఎప్పుడొస్తుందో తిథి వారాలతో సహా చెప్పాడు. చేపలమ్మే ఆడవాళ్ళ వరసకి రేకుల షెడ్డు వేసి తీరాలని మార్కెట్ కమిటీలో సగంమంది పైకే అన్నారు, మిగతా సగం టీ తాగుతూ తలూపారు. బుధవారం మధ్యాహ్నం ఎక్కడిదో నల్లమబ్బు వచ్చి అరపూట కుమ్మరించి పోయింది. గురువారం పొద్దున్నకి బజారు బజారంతా స్వెట్టర్లలో ఉంది. ఏ ట్రంకు పెట్టెల అడుగున దొరికాయో, కలరా ఉండల వాసన జెట్టీ దాకా కొట్టింది.

దీనికంతటికీ కారణం ధనరాజు టీకొట్టు ముందున్న బోర్డు.

ఆడవాళ్ళ వరస చివర, ఆరుబయట, ఒక తెల్ల చెక్కపెట్టె కర్రమీద నిలబడి ఉంటుంది. గాలి ఆడేటట్టు పలకలు పెట్టిన పెట్టె, లోపల థర్మామీటరు. ఎప్పుడో భారతీదేవి అనే సైన్సు టీచరు పిల్లల చేత పాతించింది. ఆవిడకి దీవుల్లో ఆ చివరనున్న మాయాబందర్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యాక బడి దాన్ని మర్చిపోయింది గానీ బజారు మర్చిపోలేదు. నెలనెలకీ బోర్డు మీద రెండు గడులు. ఇన్నేళ్ళలో ఆ నెలలో వచ్చిన అతి వేడి మధ్యాహ్నం ఒకటి, అతి చల్లని మధ్యాహ్నం ఒకటి. రికార్డు ఎవరు ముందు చూసి కేకేస్తే వాళ్ళ పేరు మీద పడుతుంది, జెట్టీలో వేలంపాట కొట్టేసినట్టు. బోర్డు మీద పేరున్న మనిషికి బ్రూక్షాబాద్‌లో పెళ్ళిళ్ళప్పుడు మొదటి బంతిలో ఆకు వేస్తారు. ఇలాంటి బోర్డు లేని ఊళ్ళంటే ఇక్కడివాళ్ళకి జాలి. మాయాబందర్‌లో అసలు వాతావరణమే ఉండదని వాళ్ళ నమ్మకం.

బుధవారం నాటి చల్ల రికార్డు కొబ్బరిబోండాల నూకయ్య పేరు మీద పడింది. అతను గురువారం నుంచి పెళ్ళికొడుకులా నడుస్తున్నాడు. ఏప్రిల్ వేడి రికార్డు మాత్రం చాలా ఏళ్ళ కిందటిది. సుద్దతో కాదు, ఎర్ర రంగుతో రాసి ఉంటుంది: ముప్పైఆరు, రమణయ్య.

గవరమ్మ గంప దించేసరికి ఆ రమణయ్య టీకొట్టు బెంచీ మీదే ఉన్నాడు. మార్కెట్ కమిటీ ప్రెసిడెంటు. మూడేళ్ళ కిందటి దాకా జెట్టీలో చేపల వేలం కూడా అతనే వేసేవాడు. అతను ‘మూడోసారి’ అన్నాక గంపలో బతికున్న చేప కూడా కదలడం మానేసేదని చెప్పుకుంటారు. లేని పాటని ఉన్నట్టు పిలిచి రేటు పెంచిన పాపాన ఎప్పుడూ పోలేదు. ఆ విషయం అడిగినవాళ్ళకీ చెబుతాడు, అడగనివాళ్ళకీ చెబుతాడు.

"ఏటి గవరా, స్వెట్టర్ తేలేదా?" అన్నాడు.

"సేపలకి తొడిగినాను బావా. రాత్రంతా ఐసులో ఉన్నాయి కదా, వణుకుతున్నాయి."

గవరమ్మ మనవరాలు లహరి స్కూటర్ మీంచి ఐసు బస్తా దించింది. ఇద్దరూ కలిసి గచ్చు మీద ఐసు పరిచారు. గవరమ్మ వంజరాలని తలలన్నీ ఒకవైపు వచ్చేటట్టు సర్ది, పక్కన కానాగంతలు పోసి, గోనెగుడ్డని బకెట్లో ముంచి పిండి, చేపల మీద కప్పింది. అంచులు లోపలికి దోపింది. పసిపిల్లకి దుప్పటి కప్పినంత ఒద్దికగా కప్పింది. ఆ తర్వాత తను ఎండలో కూర్చుంది. బజారుకి అటువైపు మగవాళ్ళ కొట్లకి రేకుల కప్పూ, ఫ్యాన్లూ ఉన్నాయి. ఇటువైపు ఆడవాళ్ళకి ఆకాశం ఉంది.

"గవరా, ఆదివారం మీటింగులో షెడ్డు మాట ఎత్తకు మరి," అన్నాడు రమణయ్య. "ఉన్న నిధితో గేటు దగ్గర ఆర్చి కడతన్నాం. పైన స్వాగతం, కింద కమిటీ పేర్లు."

"మొన్న ఒప్పుకున్నారు కదా షెడ్డుకి."

"మొన్న అందరూ భూమి కాలిపోతందన్నారు. ఏదీ? బోర్డు సూడు. చల్ల రికార్డు."

టీకొట్టులో స్వెట్టర్లన్నీ తలలూపాయి.

"క్యా బాత్ హై తాతా," అంది లహరి. "ఒక్క వానకి క్లైమేట్ ఛేంజ్ క్యాన్సిల్? షిప్పు క్యాన్సిల్ అయినట్టు?"

"నువ్వు మాటాడకు. నేను బోర్డు మాట సెప్తన్నాను. ఎండలు పెరిగిపోతే నా రికార్డు విరగాలి కదా. ఇన్నేళ్ళయింది. ఎవడైనా విరిసినాడా?" రమణయ్య తుండుగుడ్డ భుజం మార్చుకున్నాడు. "ఆదివారం మీటింగు లోపల విరగమను. ఆర్చి మానేసి షెడ్డు ఏయిస్తాను. విరక్కపోతే మాత్రం ఇంకెప్పుడూ నా సెవిన షెడ్డు మాట పడకూడదు."

గవరమ్మ కత్తిపీట కడుగుతూ తలెత్తలేదు.

"సరే బావా. మరి విరిగిందో లేదో సూసేదెవరు?"

అందరూ లహరి వైపు చూశారు. చూడక తప్పదు. కిందటేడు ఆ పిల్ల పెట్టెలో వేడి టీ గ్లాసు దాచింది. థర్మామీటరు నలభై ఎనిమిది చూపించింది. అరగంట సేపు బ్రూక్షాబాద్‌కి ప్రళయం వచ్చింది. మణికుమార్ దుకాణం మూసి, పెళ్ళాంపిల్లల్ని ఆటో ఎక్కించుకుని, చావైనా చల్లగా చద్దామని నేరుగా సముద్రంలోకి దించాడు. గ్లాసు దొరికాక కూడా వాళ్ళు మెడలోతు నీళ్ళలోంచి రావడానికి ఒప్పుకోలేదు.

"నా మనవరాలి మీద నాకే నమ్మకం లేదు," అంది గవరమ్మ. "ఎవరో ఒకరు కాపలా ఉండాల. పెట్టె పక్కనే. మద్దేన్నం పూట."

"నేను కూకుంటాను," అన్నాడు రమణయ్య.

"నువ్వెందుకు బావా ఎండలో."

"ఎండా? ఎక్కడుంది ఎండ?" రమణయ్య ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. చూపించిన చెయ్యిని వెంటనే కళ్ళకి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

*

శుక్రవారం పదకొండు దాటాక రమణయ్య నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీతో, నల్ల గొడుగుతో, ఒక దినపత్రికతో వచ్చాడు. పెట్టె పక్కన కుర్చీ వేసి, దాని కాళ్ళు కదలకుండా కింద చిన్న రాళ్ళు పెట్టి, గొడుగు విప్పి కూర్చున్నాడు. ఆడవాళ్ళు చేపల మీంచి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"బావా," అంది గవరమ్మ, వంజరం పొలుసు తీస్తూనే. "నిన్న ఎండ లేదన్నావు. మరి ఆ గొడుగు దేనికి?"

"వాన పడితే?"

"మబ్బే లేదు."

రమణయ్య ఆకాశం చూశాడు. మబ్బు నిజంగానే లేదు. గొడుగు మూశాడు. మూసిన గొడుగుని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. పత్రిక విప్పి తలకి అడ్డం పెట్టుకోబోయి, పక్కగచ్చు మీద చేపలమ్మే కళ చూస్తోందని గమనించి, చదువుతున్నట్టు నటించాడు. పత్రిక తలకిందులుగా ఉంది. గంటసేపు అలాగే చదివాడు.

ప్లాస్టిక్ కుర్చీ ఎండలో ఏమవుతుందో కమిటీలో ఎవరికీ తెలియదు. కమిటీ ఎప్పుడూ నీడలోనే కూర్చుంది. పన్నెండున్నరకి రమణయ్య ఒకవైపు బరువు వేశాడు. ఒంటిగంటకి రెండోవైపు వేశాడు. ఆ తర్వాత నిలబడి, పెట్టె తలుపు తెరిచి, చాలా శ్రద్ధగా థర్మామీటరు చూశాడు. చూడాల్సినదానికంటే ఎక్కువసేపు చూశాడు. మళ్ళీ కూర్చునే ముందు కుర్చీ మీద పత్రిక పరుచుకున్నాడు.

లహరి అప్పుడే రెండో విడత ఐసుతో వచ్చింది. స్కూటర్ హుక్కుకి ఒక ఫ్లాస్కు వేలాడుతోంది. గవరమ్మ చేత్తో ఫ్లాస్కు తట్టి చూసింది.

"ఇదేటే?"

"వేడినీళ్ళు. గొంతు నొప్పి."

"ఏప్రిల్ నెలలోనా?"

లహరి గొంతు తగ్గించింది. "మామ్మా, దో మినిట్ కా కామ్. తాత టీ తాగడానికి వెళ్ళినప్పుడు పెట్టె కింద పెడతా. నలభై ఎనిమిది కాదు, ముప్పైఆరు మీద ఒక్క గీత. ఎవరికీ డౌట్ రాదు. షెడ్డు వచ్చేస్తది."

గవరమ్మ ఫ్లాస్కు మూత తిప్పింది. వేడినీళ్ళని తీసుకెళ్ళి కత్తిపీట మీద, జిగురు పట్టిన చోట, మెల్లిగా పోసింది. జిగురు తెల్లగా వదిలింది. అదంతా అయ్యాక ఖాళీ ఫ్లాస్కు మనవరాలి చేతిలో పెట్టింది.

"నాను పడతన్న ఎండ నిజవైనదే లహరీ. దానికి దొంగసాక్ష్యం తెత్తే నా ఎండకే అవమానం."

"నిజమైన సాక్ష్యం ఎక్కడుంది మరి? ఎవరూ నమ్మట్లేదు కదా."

గవరమ్మ గోనెగుడ్డ మళ్ళీ తడుపుతూ, పత్రిక మీద అటూ ఇటూ కదులుతున్న ప్రెసిడెంటు వైపు ఒక్కసారి చూసింది.

ఆ రోజు థర్మామీటరు ముప్పైనాలుగు దాటలేదు. మూడు గంటలకి రమణయ్య టీకొట్టులోకి నడిచివెళ్ళి, ఆ సంఖ్య చెప్పి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మూడోది తల మీద పోసుకున్నాడు.

"చెమటా ప్రెసిడెంటుగారూ?" అన్నాడు ధనరాజు, గ్లాసు అందుకుంటూ.

"ఉక్క. ఉక్క వేరు, ఎండ వేరు."

స్వెట్టర్లు ఈ తేడాని గౌరవంగా విన్నాయి.

*

శనివారం గాలి ఆడలేదు. ఆకు కదలని రోజని అంటారు గానీ, ఆ రోజు బజారులో ఈగ కూడా నడుచుకుంటూ వెళ్ళింది. ఆడవాళ్ళ వరసలో ఐసు కరిగి గచ్చు అంచులమ్మట సన్నని కాలువలు కట్టింది. గవరమ్మ పదే పదే గోనె తడిపింది. తడిపిన చోట ఆవిరి లేచింది.

రమణయ్య తలకి తుండుగుడ్డ చుట్టుకున్నాడు. దాన్ని ఎవరూ గొడుగని అనలేరు. పన్నెండు దాటాక అతను పెట్టె వంక చూడటం మానేసి వరస వంక చూడటం మొదలుపెట్టాడు. చూడ్డానికి ఇంకేమీ లేదు మరి. మూడు తరాలుగా ఇక్కడే బజారు, ఇరవై ఏళ్ళుగా అతనే కమిటీ. అయినా ఈ వరసని ఇటు చివరి నుంచి, కూర్చున్న ఎత్తులో, ఎప్పుడూ చూడలేదు. ఈ ఎత్తులో నించి చూస్తే మగవాళ్ళ కొట్ల ఫ్యాన్లు తిరుగుతూ కనిపిస్తాయి. గాలి మాత్రం రాదు.

కళ కొనడానికొచ్చిన ఒకావిడకి కానాగంతలు తూచింది. చిల్లర ఇచ్చింది, నవ్వింది, "ఫిర్ ఆనా దీదీ" అంది. ఆవిడ వెళ్ళగానే లేచి, నీళ్ళ డ్రమ్ము వెనక్కి వెళ్ళి, వంగి వాంతి చేసుకుంది. మొహం కడుక్కుంది. ఐసునీళ్ళు దోసిట్లో పట్టి పాదాల మీద పోసుకుంది. వచ్చి మళ్ళీ తక్కెడ ముందు కూర్చుంది.

"ఏటయింది?" అన్నాడు రమణయ్య.

"ఏం లేదు మావయ్యా."

"ఒంట్లో బాగోలేదా? ఇంటికెళ్ళు మరి."

"ఈ ఎండల నెలల్లో రోజూ ఉండేదే. ఈపాటికి అయిపోవాలి, ఇయ్యాల లేటయింది." కళ గోనెగుడ్డ సర్దింది. "పొద్దున్న తినకుండా వత్తే తేలిగ్గా పోద్ది."

రమణయ్య పెదాలు తడుపుకున్నాడు. లేచి పెట్టె తెరిచాడు. ముప్పైఐదు దాటి పాదరసం సగం దారిలో ఉంది. తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి బజారు కొంచెం పక్కకి ఒరిగినట్టు అనిపించింది. పెట్టె కర్ర పట్టుకున్నాడు.

గవరమ్మ కత్తిపీట మీంచి లేచింది. తన వంజరాల మీది గోనెగుడ్డని ఒక్క లాగు లాగి, బకెట్లో ముంచి, అలాగే నీళ్ళు కారుతుండగా తెచ్చి రమణయ్య నెత్తిన వేసింది. మెడ వెనక్కి లాగి సర్దింది. చేపలకి సర్దినట్టే.

"తియ్యి గవరా," అన్నాడు రమణయ్య లోపల్నించి. "సేపల కంపు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత వరసంతా నవ్వింది. జెట్టీలో నలభై ఏళ్ళు చేపల మధ్య బతికిన మనిషికి చేపల కంపు కొట్టిందన్న వార్త నిమిషంలో బస్టాపు దాటింది.

"నీ సేపలు ఎండిపోతాయి," అన్నాడు రమణయ్య, గోనె తియ్యకుండానే.

"ఒక పూట ఆగుతాయిలే. సేపకి ఎల్లకాలం గుడ్డ కప్పినాను. మడిసికి ఒక్కపాలి కప్పి సూత్తాను."

అతను ఆ గోనె కింద చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. బయటికి ముక్కూ మీసమూ మాత్రమే కనిపించాయి. నీళ్ళు గడ్డం మీంచి కారాయి. రెండున్నరకి సముద్రం వైపు నుంచి మబ్బు తునక ఒకటి వచ్చి సూర్యుణ్ణి కప్పింది. పాదరసం సగం దారిలోనే ఆగి, దిగిపోయింది. రికార్డు విరగలేదు.

ఆ సాయంత్రం టీకొట్టులో అభిప్రాయాలు ఎటూ తేలలేదు. మణికుమార్ స్వెట్టర్ విప్పాడు గానీ ఇంటికి పంపించలేదు, నడుముకి కట్టుకున్నాడు. ఏ నిమిషానికి ఏది అవసరం పడుతుందో అని. నూకయ్య చల్ల రికార్డు తన పేరు మీద ఉన్నంతకాలం చలి ఉన్నట్టేనని వాదించాడు. రమణయ్యని అడిగితే, "సంఖ్య సెప్పినాను కదా," అని లేచిపోయాడు. వెళుతూ వెళుతూ గోనెగుడ్డ గవరమ్మ గచ్చు మీద మడతపెట్టి ఉంచాడు.

దాన్ని ముందే పిండి ఆరబెట్టాడని గవరమ్మ గమనించింది.

*

ఆదివారం మీటింగు మూడు గంటలకి. రెండుకే జనం టీకొట్టు రేకుల కింద చేరారు. ఆర్చికి రంగుల నమూనా గీసిన అట్ట ఒకటి బల్ల మీద పెట్టారు. రమణయ్య పేరు అందులో స్వాగతం కంటే పెద్దగా ఉంది. ధనరాజు ఫ్యాను రెండో నంబరు మీద పెట్టాడు. ఎవరో మూడో నంబరు అన్నారు. ఇదే ఆఖరి నంబరని ధనరాజు చెప్పాడు.

పెట్టె దగ్గర రమణయ్య ఒక్కడే ఉన్నాడు. ఈ రోజు గొడుగూ తేలేదు, పత్రికా తేలేదు. కుర్చీ తెచ్చాడు గానీ అందులో కళని కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. నీలంరంగు కుర్చీలో కళ, కాలిపోతున్న గచ్చులూ, పలచబడిన ఐసూ. వరసలో ఆడవాళ్ళందరూ పైట చెంగులు తలమీదకి లాక్కుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఆదివారం బేరం వదులుకుని మీటింగుకి వెళ్ళే తీరిక వాళ్ళకి లేదు. షెడ్డు ఎవరి కోసమో వాళ్ళు తప్ప అందరూ మీటింగులో ఉన్నారు.

లహరి స్కూటర్ మీద కూర్చుని, ఈసారి ఏ సామానూ లేని చేతుల్ని అందరికీ కనిపించేటట్టు హ్యాండిల్ మీద పెట్టింది. ఇది ఆమె జీవితంలో చాలా అరుదైన భంగిమ.

రమణయ్య పెట్టె తలుపు తెరిచాడు. మొహం లోపలికి పెట్టి చూశాడు. తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. థర్మామీటరుకి తన వేడి తగలకుండా ఊపిరి బిగబట్టాడు. ముప్పైఆరు గీత ఉంది. పాదరసం ఆ గీత మీద లేదు. ఒక వెంట్రుక పైన ఉంది.

అతను వెనక్కి చూశాడు. టీకొట్టులో అందరి కళ్ళూ ఆర్చి బొమ్మ మీద ఉన్నాయి. సముద్రం వైపు, దూరంగా, నిన్నటి మబ్బులాంటి మబ్బే ఒకటి బయల్దేరింది. పావుగంట, మహా అయితే. అది వచ్చి పైన నిలబడితే పాదరసం దిగిపోతుంది. తలుపు వేసేస్తే చాలు. చూసినవాడు అతనొక్కడే. ఎర్ర రంగుతో రాసిన పేరు అలాగే ఉంటుంది, ఆర్చి మీద ఇంకొకసారి వస్తుంది.

గవరమ్మ కత్తిపీట ముందు కూర్చుని అతని వీపునే చూస్తోంది. ఆమె చేతిలో సగం తెగిన వంజరం ఉంది. ఆ సగం దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

రమణయ్య తలుపు వెయ్యలేదు. తలకి చుట్టుకున్న తుండుగుడ్డ విప్పాడు. దులిపాడు. పొడవుగా మడిచి ఎడమ భుజం మీద వేసుకున్నాడు. జెట్టీ మానేశాక అతను ఆ గుడ్డని అలా వేసుకోవడం ఎవరూ చూడలేదు. కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి, కడుపులోంచి కేక వేశాడు.

"ముప్పైఆరు మీద పాటా... ఒకటోసారి..."

టీకొట్టులో తలలన్నీ లేచాయి. ఆ గొంతు విని బజారులో మూడు కుక్కలు, పాత అలవాటు చొప్పున, చేపతలల కోసం పరిగెత్తుకొచ్చాయి.

"ముప్పైఆరు మీద పాటా... రెండోసారి. రండి, సూసుకోండి. అనుమానం ఉన్నోడు ఎండలోకి రండి. నీడలోంచి పాట సెల్లదు."

వాళ్ళు వచ్చారు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు, చెప్పులు చురుక్కుమంటుంటే గెంతుకుంటూ వచ్చారు. వరసగా పెట్టెలో మొహం పెట్టి చూశారు. రమణయ్య ప్రతివాణ్ణీ అడిగాడు. "గీత మీదా, గీత పైనా?" మణికుమార్ పైన అన్నాడు. ధనరాజు పైన అన్నాడు. నూకయ్య చాలాసేపు చూసి, కింద అనడానికి నోరు తెరిచి, నీలం కుర్చీలో కూర్చున్న కళ మొహం చూసి, పైన అన్నాడు. చూసినవాళ్ళని రమణయ్య నీడలోకి వెళ్ళనివ్వలేదు. అందరూ అయ్యేదాకా గచ్చు పక్కనే నిలబెట్టాడు. ఆఖరివాడు చూసేసరికి మొదటివాడైన మణికుమార్ తన నడుముకున్న స్వెట్టర్ విప్పి, మడిచి, నెత్తిన పెట్టుకున్నాడు.

"మూడోసారి," అన్నాడు రమణయ్య, మామూలు గొంతుతో.

పాట కొట్టేశాడు. ఇక బతికున్న చేప కూడా కదలదు.

ధనరాజు ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాడు. పాత సంఖ్య మీద తెల్లరంగు పూసి, కొత్తది రాశాడు. పేరు దగ్గర కుంచె ఆగింది గానీ ఊరికే, మర్యాదకి. "రమణయ్య అనే కదా, ప్రెసిడెంటుగారూ? పేరు మార్చక్కర్లేదు. మీ రికార్డు మీరే విరిచారు."

"మార్చు."

"మరి చూసింది మీరు. కేకేసింది మీరు."

"సూసినోడు ఎవడైతే ఏటి? నేను మూడు రోజులు పడ్డాను. ఈళ్ళు ఎన్నాళ్ళ నుంచి పడతన్నారో." రమణయ్య బోర్డు వైపు చూడకుండా, తుండుగుడ్డ కొస సరిచేసుకుంటూ అన్నాడు. "పడ్డోళ్ళ పేరు మీద కొట్టు పాట. గవరమ్మ పేరు రాయి."

ధనరాజు పాత పేరు మీద తెల్లరంగు పూశాడు. దాని మీద కొత్త పేరు ఎర్రగా, కొంచెం కారుతూ, పడింది. ఆ బోర్డు మీద ఆడమనిషి పేరు పడటం అదే మొదలు. వరసలోంచి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చేతులకి పొలుసులున్నాయి. కళ మాత్రం కుర్చీలోంచి లేచి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి, కొత్తగా వచ్చిన షిప్పు హారను కొట్టినట్టు ఈల వేసింది.

అయిదు నిమిషాల్లో బ్రూక్షాబాద్‌లో భూమి మళ్ళీ వేడెక్కడం మొదలుపెట్టింది. ధ్రువాల దగ్గర మంచు మళ్ళీ కరిగింది. మణికుమార్ సముద్రం రాకకి కొత్త తేదీ ప్రకటించాడు. షెడ్డు ఒక్క ఆడవాళ్ళ వరసకే ఎందుకు, బస్టాపు దాకా వెయ్యాలని నూకయ్య అన్నాడు. వానాకాలం అయ్యాక తీరిగ్గా, గట్టిగా కడదామని కమిటీలో ఒకాయన సూచించాడు. అందరూ సబబే అన్నారు.

"వానాకాలం అయ్యాకా?" గవరమ్మ అప్పుడు లేచింది. చేతులు గోనెకి తుడుచుకుని, పైట బిగించి, బోర్డు మీద తన పేరు ఒకసారి చూసుకుంది. చదువు రాదు గానీ, కొత్తగా ఎర్రగా ఉన్నది ఏదో తెలుస్తోంది. "అదిగో, మబ్బు వత్తంది. మీ సంగతి నాకు తెలుసు. ఒక్క జల్లు పడితే మళ్ళీ స్వెట్టర్లేసుకుంటారు. అది పడేలోపల గుంతలు తవ్వండి."

ఎవరూ కదల్లేదు.

"చలో, చలో," అంది లహరి, స్కూటర్ దిగి. "మౌసమ్ బదలే లోపల."

ధనరాజు టీకొట్టు వెనక నుంచి గునపం వచ్చింది. ఎక్కడి నుంచో పార వచ్చింది. మొదటి గుంత ఎక్కడ తవ్వాలో కమిటీ చర్చ మొదలుపెట్టేలోపే రమణయ్య గునపం తీసుకుని వరస మొదట్లో నేల మీద దింపాడు. ఆర్చి అట్టని లహరి తెచ్చి, రంగులవైపు కిందకి పెట్టి, గవరమ్మ చేపల మీద నీడకి నిలబెట్టింది. ఆ సైజుకి బాగా సరిపోయింది.

రెండో గుంత దగ్గర మట్టి గట్టిగా తగిలింది. రమణయ్య ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. గవరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగి, మూతి తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం సెప్పు గవరా. ఆదివారం లోపల రికార్డు విరుగుద్దని నీకెలా తెలుసు?"

"ఎండ సంగతి నాకేటి తెలుసు బావా," అంది గవరమ్మ, చెంబు అందుకుంటూ. "కాపలా మాట ఎత్తితే నువ్వే కూకుంటావని మాత్రం తెలుసు."

రమణయ్య ఆమె వంక చూశాడు. నీలం కుర్చీ వంక చూశాడు. నవ్వు వచ్చి, దాన్ని మీసాల్లో దాచుకుని గునపం ఎత్తాడు.

మొదటి చినుకు మూడో గుంతలో పడింది.